జాజ్ వాయించాలంటే ఉద్యోగం మానాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. నాకు 27 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం, ఎక్కువగా సెకండ్ షిఫ్ట్. ఇంటర్ నుంచి గిటార్ వాయిస్తున్నాను. నాలుగేళ్లుగా జాజ్ పిచ్చి పట్టింది. అమెరికన్ జాజ్ గిటారిస్టులు వెస్ మాంట్‌గోమరీ, జో పాస్‌లని వింటూ సొంతంగా నేర్చుకున్నాను. శని, ఆదివారాల్లో జూబ్లీహిల్స్‌లో ఒక కెఫేలో ముగ్గురం కలిసి వాయిస్తాం. ఈ మధ్య ఒక మ్యూజిక్ ప్రోగ్రామర్ (కంప్యూటర్ మీద పాట ట్రాకులు కూర్చే మనిషి) పిలిస్తే రెండు సినిమా పాటలకి వాయించాను. ఒకదాంట్లో నా గిటార్ తీసేశారట. రెండోది విడుదలైంది కానీ నా పేరు ఎక్కడా లేదు. రెండు నెలలు ఫోన్లు చేశాక మూడు వేలు ఇచ్చారు. రికార్డింగ్‌లో ‘కొంచెం సింపుల్‌గా వాయించు బ్రదర్’ అని పదిసార్లు అన్నారు, అది బాగా గుచ్చుకుంది. ఉద్యోగం మానేసి జాజ్ గిటారిస్ట్‌గా, సెషన్ ప్లేయర్‌గా స్థిరపడాలని ఉంది. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ‘పెళ్లి చేసుకునే వయసులో ఈ వాయింపులేంట్రా’ అంటున్నారు. హైదరాబాద్‌లో ఇది అయ్యే పనేనా? చెన్నై, ముంబై వెళ్లాలా? ఏఐ వచ్చాక అసలు మా అవసరం ఉంటుందా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు:

తమ్ముడూ,

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతాది టెన్షన్ లేకుండా చదువుకో. ఉద్యోగం ఇప్పుడే మానొద్దు.

నీకు చేతకాదని ఈ మాట అనడం లేదు. నువ్వు వాయించింది నేను వినలేదు. కానీ నీ ఉత్తరంలో రెండు వేర్వేరు బతుకులు ఒకే వాక్యంలో కలిసిపోయాయి. జాజ్ గిటారిస్ట్ అన్నావు, ఒక కామా పెట్టి సెషన్ ప్లేయర్ అన్నావు. రెంటికీ అవే ఆరు తీగలు, అవే పది వేళ్లు, నిజమే. ఒకదాంట్లో నువ్వేం చెబుతావో వినడానికి జనం వస్తారు. రెండోదాంట్లో వేరేవాళ్ల పాటకి ఏం కావాలో కనిపెట్టడానికి నువ్వు వెళ్తావు. డబ్బు వచ్చే దారి వేరు, పేరు వచ్చే దారి వేరు, మనసుకి దెబ్బ తగిలే చోటు కూడా వేరే. రెండో పనికి వెళ్లి మొదటి పనికి దక్కే మర్యాద ఎదురుచూశావు. అందుకే ఆ ‘సింపుల్‌గా’ అన్న మాట అంత గుచ్చుకుంది.

అలాగని ఈ రెంటికీ పడదనుకోకు. జాజ్ వాయించిన చాలామందికి అన్నం పెట్టింది స్టూడియోలే. 1950ల మొదట్లో జాజ్ పియానిస్ట్ ఆస్కార్ పీటర్సన్ పక్కన కూర్చుని గిటార్ వాయించిన బార్నీ కెసెల్ అంతటివాడు, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా పాప్ పాటలకీ సినిమాలకీ వాయించాడు. కెరల్ కే అనే ఆవిడ అదే ఊళ్లో క్లబ్బుల్లో బీబాప్ (వేగంగా సాగే ఒక జాజ్ పద్ధతి) గిటార్ వాయించేది. 1957లో సెషన్లకి వచ్చింది. 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ వాయించాల్సిన మనిషి రాలేదు. ఆవిడ ఆ బేస్ అందుకుంది, ఇక దింపలేదు. ఇప్పుడు ఎవర్నడిగినా ఆవిడని బేస్ ప్లేయర్ అనే అంటారు.

మన దేశంలోనూ ఇదే కథ. ఒకప్పుడు బొంబాయి తాజ్ హోటల్ లాంటి చోట్ల రాత్రిళ్లు స్వింగ్ జాజ్ వాయించిన గోవా వాళ్లే పగలు హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో కూర్చునేవారు. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలెట్ హిందీ సంగీత దర్శకుడు సి. రామచంద్ర పాటలకి పనిచేశాడు. సెబాస్టియన్ డిసౌజా శంకర్–జైకిషన్‌లకి అరేంజర్. బాణీ కట్టడం తెలిసిన సంగీత దర్శకులు చాలామంది ఉండేవారు, ఆ బాణీని ముప్పై నలభై వాయిద్యాలకి కాగితం మీద రాసి పంచగలిగేవాళ్లు తక్కువ. వీళ్లకి గిరాకీ అక్కడొచ్చింది. అంత చేసినా వీళ్ల పేర్లు తెర మీద కనబడింది అరుదు. వాళ్లలో ఒకడైన వయొలిన్ విద్వాంసుడు ఆంటోనీ గొన్సాల్వెస్ పేరు దేశమంతా పాడుకుందంటే అది 1977లో ఆయన శిష్యుడు, సంగీత దర్శకుడు ప్యారేలాల్ పుణ్యం, గురువు పేరుని ఏకంగా సినిమా పాటలోకే ఎక్కించారు. నీ పేరు పడలేదని రాశావు కదా, ఆ బాధ నీతో మొదలవలేదని చెప్పడానికే ఇదంతా. అలాగని ఊరుకోమని కాదు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక ‘సింపుల్‌గా వాయించు బ్రదర్’. నీ ఉత్తరంలో అసలు సరుకు ఇక్కడ ఉంది.

ఆ రోజు ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. పల్లవి సీ మేజర్‌లో ఉందనుకుందాం. చార్ట్‌లో, అంటే ఎక్కడ ఏ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టాలో రాసిన కాగితంలో, ఉత్త ‘సీ’ అని ఉంది. నాలుగేళ్లు జాజ్ విన్న చెయ్యి ఉత్త సీ పట్టదు, దానంతటదే బీ స్వరం కూడా కలిపి సీ మేజర్ సెవెన్ పట్టేస్తుంది. గిటార్ ఒక్కటీ వింటే హాయిగానే ఉంటుంది. ఇప్పుడు గాయని వచ్చి పల్లవి చివర షడ్జం మీద నిలబడింది. ఆమె గొంతులో సీ, నీ రెండో తీగ మీద బీ. ఆ రెంటికీ ఉన్న దూరం అర్ధస్వరం. ఏ స్థాయిలో పెట్టినా ఆ రెండూ ఒరుసుకుంటాయి. ఆమె ఆ స్వరాన్ని ఒకే చోట నిలిపి ఉంచదు కూడా, కొంచెం కిందికి జార్చి మళ్లీ పైకి తెస్తుంది, మన పాట తీరే అంత. అప్పుడు నీ కార్డ్ కాస్తా ఆమెనే శ్రుతి తప్పినట్టు చూపిస్తుంది. ఎక్కడ తేడా కొడుతోందో స్వరం పేరు పెట్టి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. చెవికి ఏదో అడ్డం తగిలింది, నోటికొచ్చిన మాట ‘సింపుల్‌గా’.

నువ్వేమో ‘వీళ్లకి జాజ్ తెలీదు’ అనుకుని ఇంటికెళ్లావు. కానీ జాజ్ తెలిసిన అరేంజర్ కూడా అక్కడ మేజర్ సెవెన్ ఉంచడు. మెలొడీ రూట్ (కార్డ్ మూలస్వరం) మీద నిలబడిందంటే బీ లేని సిక్స్ కార్డ్ పెడతాడు. సీ సిక్స్ పట్టు, లేదా ఆ బీ వదిలేసి నైన్త్ (డీ స్వరం) ఒక్కటి కలుపు. రంగు ఉంటుంది, గొంతుకి దారి ఉంటుంది. ఈసారి ఎవరైనా ‘సింపుల్‌గా’ అంటే మొహం ముడుచుకోకుండా ‘గొంతు సోలోలో పెట్టి ఒకసారి నా కార్డ్స్‌తో వినిపిస్తారా’ అని అడుగు. సగం సార్లు తేడా ఎక్కడుందో నీకే తెలిసిపోతుంది.

ఫ్రెడ్డీ గ్రీన్‌ని విను. అమెరికాలో కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రాలో 1937లో చేరి 1987లో పోయేదాకా రిథమ్ గిటార్ వాయించాడు. సోలో దాదాపు లేదు. యాంప్ కూడా లేకుండా, బారుకి (తాళం ఒక చుట్టుకి) నాలుగు దెబ్బలు, కార్డ్‌లో రెండు మూడు స్వరాలు వినిపిస్తే ఎక్కువ. పదహారు మంది ఊదుతూ బాదుతూ ఉంటే ఆ గిటార్ విడిగా వినబడేది కూడా కాదు, లేకపోతే మాత్రం లోటు తెలిసేది. నీ కెఫేలో ఒక శనివారం ఆ పని చేసి చూడు. సోలో ఒక్కటి కూడా తీసుకోకు, రెండు గంటలూ కార్డ్స్‌తోనే నడిపించు. నీకు విసుగొస్తే సెషన్ పని నీకు పడదేమోనని ఆలోచించాలి. మిగతా ఇద్దరూ ‘ఇవాళ భలే వాయించావురా’ అంటే పనికొస్తావు.

స్టూడియోలో ఇంకో చిక్కుంది, అది జాజ్ వాళ్లకే ఎక్కువ. కృష్ణానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో అపార్ట్‌మెంట్‌లో ఒక బెడ్‌రూమ్, గోడలకి ఫోమ్, ఒక మైకు. అకౌస్టిక్ గిటార్‌కి మైక్ పెట్టారంటే ఏసీ ఆపేస్తారు. మే నెలలో వేళ్లు తీగల మీద జారుతుంటాయి. చెవుల్లో తాళం చూపే క్లిక్. నాలుగు బార్ల స్ట్రమ్మింగ్ అడుగుతారు, వాయిస్తావు. ‘సూపర్ అన్నా, డబుల్ ఇవ్వండి’ అంటాడు ప్రోగ్రామర్. అంటే ఇంకో ట్రాక్ మీద అదే మళ్లీ వాయించాలి. ఒకటి ఎడమ స్పీకర్‌లో, ఒకటి కుడి స్పీకర్‌లో పెడతాడు, పాట వెడల్పుగా వినిపిస్తుంది. ఇక్కడే జాజ్ చెయ్యి దొరికిపోతుంది. నాలుగేళ్లుగా దానికి నువ్వు నేర్పింది, వాయించింది మళ్లీ అలాగే వాయించొద్దనే కదా! మొదటిసారి మూడో బార్‌లో పైనుంచి కిందికి కొట్టి, రెండోసారి కింది నుంచి పైకి కొడితే రెండు ట్రాకులూ చెరో వైపు లాగుతాయి. స్క్రీన్ మీద రెండు వేవ్‌ఫామ్‌లూ పక్కపక్కనే కనబడుతుంటాయి, దాచలేవు. ఇంట్లో ఫోన్‌లో అయినా సరే, ఒకే నాలుగు బార్లు రెండుసార్లు రికార్డ్ చేసి కలిపి విను. మొదట్లో సిగ్గేస్తుంది. రోజూ చేస్తే పోతుంది.

వాయిద్యాల సంగతి కూడా చూసుకో. ఒక్క ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని వెళ్తే ఒక్క పాటకే పిలుస్తారు. నైలాన్ తీగల గిటార్, స్టీల్ తీగల గిటార్ రెండూ కావాలి. ఆ తర్వాత మాండలిన్, ఉకులేలే. అన్నిటి ఫింగరింగ్ విడివిడిగా నేర్చుకోవాలా అని భయపడకు. లాస్ ఏంజెలెస్ సెషన్ గిటారిస్ట్‌లలో పెద్ద పేరున్న టామీ టెడెస్కో అలాంటి వాయిద్యాలు చాలావాటికి గిటార్ శ్రుతే పెట్టుకుని వాయించేశాడు. రికార్డింగ్‌లో వినబడేది ఆ వాయిద్యం నాదం, నీ వేళ్లు ఎక్కడున్నాయో వినేవాళ్లకి అనవసరం. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ తీసుకెళ్తే గుయ్‌మని హమ్ వస్తుంది, కుర్చీ కాస్త అటూ ఇటూ తిప్పి అది తగ్గే దిక్కు చూసుకుని కూర్చో. అది కూడా పనిలో భాగమే.

నొటేషన్ (కాగితం మీద రాసిన సంగీతం) చదవడం గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు, కాబట్టి రాదనుకుంటున్నాను. ‘వెస్ మాంట్‌గోమరీకీ రాదు కదా’ అంటావేమో. ఆయనకి చదవడం రాదు, నిజమే. కానీ ఆయన తన పేరు మీద తన రికార్డులు చేసుకున్నాడు, ఇంకొకరి కాగితం ముందు కూర్చుని బతకలేదు. మద్రాసులో ఇళయరాజా గారి రికార్డింగులు జోరుగా సాగిన రోజుల్లో ఆయన స్కోర్ మొత్తం రాసేసి పార్టులు పంచితే అందరూ కలిసి ఒకేసారి వాయించేవారు. ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ ఒత్తిడి లేదు, ఒక్కడివే కూర్చుని ట్రాక్ మీద వాయిస్తావు, చార్ట్ వాట్సాప్‌లో వస్తుంది. చాలాసార్లు అదీ రాదు, నోటితో పాడి వినిపిస్తారు. ‘గా మీద ఆపి పా దాకా జారు అన్నా’ అంటారు. ‘శ్రుతి ఒకటిన్నర’ అంటే సీ షార్ప్ అని నీకు తట్టాలి. అందుకని స్టాఫ్ నొటేషనూ సరిగమలూ రెండూ కావాలి. రోజూ ఓ అరగంట కొత్త కాగితం ముందు పెట్టుకుని చదువు. గిటార్ రాసినదానికంటే ఒక స్థాయి కింద మోగుతుందని గుర్తుపెట్టుకో. ఫ్లూట్ పార్ట్ చేతికిచ్చి ‘ఇదే వాయించండి’ అన్నప్పుడు ఆ సంగతి పనికొస్తుంది.

పేరు దగ్గరికి వస్తానన్నాను. టైటిల్స్‌లో పేరు పడటాన్ని సరదాగా చూసుకునే విషయంలా తీసుకోకు, దానికి చట్టం విలువ ఉంది. కాపీరైట్ చట్టం ‘పెర్ఫార్మర్’ అన్నప్పుడు అందులో వాయిద్యకారులూ ఉన్నారు. 2012 సవరణతో, పెర్ఫార్మర్ వాయించిందాన్ని వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడిగే హక్కు చేర్చారు. అదే సవరణలో మెలిక కూడా పెట్టారు. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికంగా, అప్రధానంగా ఉండి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం క్రెడిట్స్‌లో ఎక్కడా పేరు వెయ్యరో, వాళ్లని ఆ హక్కు విషయంలో పెర్ఫార్మర్‌గా లెక్కపెట్టరు. నీ బిట్ అందులోకి వస్తుందో రాదో లాయర్లు తేల్చాలి. మనకి అర్థం కావాల్సింది, పేరు లేకపోతే నీ వాదన అక్కడే బలహీనపడుతుందని. పాట విడుదలయ్యాక అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఫైల్స్ పంపే రోజే మెయిల్‌లో ‘గిటార్స్: ఫలానా’ అని స్పెల్లింగ్‌తో సహా రాసి, యూట్యూబ్ వివరణలో వెయ్యమని మర్యాదగా అడుగు. ఇప్పుడు చాలా పాటలకి అక్కడ వేస్తున్నారు. అదే మెయిల్‌లో రేటు, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఎన్ని మార్పులదాకా ఉచితం అన్నది కూడా రెండు లైన్లలో పెట్టు. మొహమాటం పడితే మళ్లీ రెండు నెలలు ఫోన్లు చెయ్యాల్సి వస్తుంది. ఇంకోటి, నీ అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి బయటి ఆదాయం గురించి ఏముందో చదువు. ఐటీ కంపెనీలు మూన్‌లైటింగ్ మీద ఎంత గొడవ చేశాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో బతకగలమా అంటే, గిటార్ మీద బతకొచ్చు, ఉత్త జాజ్ మీద కష్టం, ఉత్త సినిమా మీద ఇంకా కష్టం. సినిమా పాటల లెక్క నీకు తెలిసిందే. ఆర్ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, గిటార్‌కి పని బాగానే ఉంటుంది. సంక్రాంతి, దసరా సినిమాల ముందు రాత్రీ పగలూ తెలీదు, ఆ తర్వాత ఫోన్ మోగదు. సినిమా వాళ్లని మించి నమ్మకంగా పని ఇచ్చేది తెలుగు క్రైస్తవ గీతాలు. క్రిస్మస్‌కి ముందు మూడు నెలలు ఆ రికార్డింగులు ఎన్ని జరుగుతాయో బయటివాళ్లకి తెలీదు. అందులో లైవ్ గిటార్ కావాలంటారు, కార్డ్స్ బాగా తెలిసినవాళ్లకి మంచి మర్యాద కూడా ఉంది. జానపద పాటలు, యాడ్ జింగిల్స్, టీవీ పాటల పోటీల బ్యాండ్లు ఉన్నాయి. పెళ్లి సంగీత్‌లు, కార్పొరేట్ ఈవెంట్లలో రాత్రికి డబ్బు ఎక్కువ. అయితే మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా అది ఆగిపోతుంది, పంచాంగం చూసుకుని ఇంటి బడ్జెట్ వేసుకోవాలి. వీటన్నిటి కింద నేల లాంటిది పాఠాలు చెప్పడం. కొండాపూర్, గచ్చిబౌలి వైపు పిల్లలకి ట్రినిటీ (లండన్ సంగీత బోర్డు) గ్రేడ్ పరీక్షలకి నేర్పించే టీచర్లు కావాలి. పాఠాలు చెప్పడాన్ని చిన్నచూపు చూసే గిటారిస్టులు నాకు తెలుసు, నెలాఖరులో అప్పు అడిగేది వాళ్లే.

నువ్వు సెకండ్ షిఫ్ట్ అన్నావు. అది పెద్ద సమస్య. సెషన్లు మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రి దాకా నడుస్తాయి, నువ్వు సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఉంటావు. రాజీనామా గురించి ఆలోచించే ముందు మేనేజర్‌ని మార్నింగ్ షిఫ్ట్ అడుగు. ఆ ఒక్క మార్పుతో సాయంత్రాలు నీవవుతాయి. వెస్ మాంట్‌గోమరీ ఇండియానాపోలిస్‌లో పగలు ఫ్యాక్టరీలో పనిచేసి, రాత్రి ఒక క్లబ్బులో, అది మూశాక ఇంకో క్లబ్బులో వాయించేవాడు. ఇంట్లో ఏడుగురు పిల్లలు. 1959లో సాక్సొఫోన్ వాయించే క్యానన్‌బాల్ ఆడర్లీ విని రివర్‌సైడ్ రికార్డ్స్ వాళ్లకి చెప్పేదాకా అదే బతుకు, అప్పటికి ఆయనకి 36 ఏళ్లు. నీకింకా తొమ్మిదేళ్లుంది! ఆ నిద్ర లేని పద్ధతి మాత్రం పట్టుకోకు, ఆయన 45 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు.

నాన్న గారి విషయం. ఆయనతో వెస్ గురించి చెప్తే లాభం లేదు. ఆర్టీసీలో బతికిన మనిషికి రోజువారీ కలెక్షన్ అంటే అర్థమవుతుంది. టెడెస్కో ‘గిటార్ ప్లేయర్’ పత్రికలో ‘స్టూడియో లాగ్’ అని ఏళ్ల తరబడి ఒక శీర్షిక రాశాడు. ఫలానా రోజు ఫలానా రికార్డింగ్, పట్టుకెళ్లిన వాయిద్యం, ఎదురైన చిక్కు, చేతికొచ్చిన డబ్బు, అన్నీ దాపరికం లేకుండా రాసేవాడు. నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టు. పని, తేదీ, వాయిద్యం, ఒప్పుకున్న డబ్బు, వచ్చిన డబ్బు, వచ్చిన తేదీ. చివరి రెండు గడుల మధ్య ఎన్ని రోజులు పడుతోందో చూస్తే ఎవరితో మళ్లీ పనిచెయ్యాలో అదే చెబుతుంది. ఏడాది నిండాక ఆ పుస్తకం నాన్న గారికి చూపించు. సగటు ఆదాయం చెప్పి ఆయన్నీ నిన్నూ మోసం చేసుకోవద్దు, అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల చూడు. ఆ నెల డబ్బుతో ఇల్లు గడుస్తుందా? గడిస్తే, ఇంకో ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో ఉంటే, అప్పుడు రాజీనామా మాట ఎత్తు. పెళ్లి సంబంధాల వాళ్లకి కూడా ఆ పుస్తకమే చూపించొచ్చు, నవ్వులాటకి అనడం లేదు. వచ్చే అమ్మాయికి నీ శనివారం రాత్రులు ఖాళీ ఉండవని ముందే తెలియాలి.

చెన్నై, ముంబై సంగతి పొట్టిగా చెప్తాను. సెషన్ పని కోసం ఊరు మారనక్కర్లేదు. తెలుగు పాటలన్నీ మద్రాసులో రికార్డయిన రోజులు పోయాయి. పైగా ఇప్పుడు మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని, మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక మైకు ఉంటే ఇంట్లో వాయించి డబ్ల్యూఏవీ ఆడియో ఫైల్స్ ఏ ఊరికైనా పంపొచ్చు. జాజ్ కోసమైతే బెంగళూరు, ముంబై, ఢిల్లీల్లో మనకంటే వేదికలు ఎక్కువ. కాచిగూడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. నెలకోసారి వెళ్లి నీకంటే బాగా వాయించేవాళ్లతో కూర్చో. ఇక్కడైతే లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, ఫ్రెంచ్, జర్మన్ సాంస్కృతిక కేంద్రాలు అలియాన్స్ ఫ్రాంసేజ్, గోథే జెంట్రమ్ ఉన్నాయి. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినోత్సవం. ఎవరో పిలుస్తారని చూడకుండా ఆ రోజుకి నీ ట్రయోతో (మీ ముగ్గురి బృందంతో) గంట కార్యక్రమం రాసుకుని ముందుగానే అడుగు.

ఆ గంటలో ఏం వాయిస్తావన్నది అసలు ప్రశ్న. జో పాస్ వాయించిన స్టాండర్డ్స్ (జాజ్ వాళ్లందరూ వాయించే పాత పాటలు) జో పాస్ లాగే వాయిస్తే, జనం ఇంటికెళ్లి జో పాస్‌నే వింటారు. గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ 1960ల్లో లండన్‌లో సెషన్లు వాయించాడు, 1969లో న్యూయార్క్ వెళ్లి జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌తో రికార్డ్ చేశాడు. తర్వాత భారతీయ సంగీతకారులతో కలిసి పెట్టిన శక్తి బృందం కోసం గిటార్ ఫ్రెట్ల మధ్య చెక్కని లోపలికి గుంటగా చెక్కించుకున్నాడు. తీగని అక్కడ లోతుగా లాగితే గమకం పలుకుతుందని. మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి వచ్చాడు, కొన్నేళ్లకి అదే మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నాడు. శ్రీనివాస్ ఆ జాజ్ వాళ్లలా వాయించడానికి పోలేదు. నీ చెవిలో మల్కాజిగిరి గల్లీలో విన్న పాటలు ఏవో ఉండే ఉంటాయి. చర్చి కోయిర్ కావచ్చు, బోనాల డప్పు కావచ్చు, అమ్మ పాడుకునే పాత పాట కావచ్చు. దాన్ని ట్రయోతో వాయించి చూడు. బాగా రాకపోవచ్చు. అయినా హైదరాబాద్ కుర్రాడి నుంచి జాజ్ వినడానికి వచ్చినవాళ్లకి అదే కొత్తగా ఉంటుంది, ఇంటర్నెట్‌లో దొరకనిది అదే.

ఏఐ గురించి నేను నిద్ర పాడు చేసుకోవడం లేదు, నువ్వూ చేసుకోకు. ఉత్త స్ట్రమ్మింగ్ పని శాంపిల్ లైబ్రరీలు ఏఐ రాకముందే చాలావరకు పట్టుకుపోయాయి. ‘గా మీద ఆపి పా దాకా జారు, కానీ కొంచెం ఏడుపు ఉండాలి’ అన్నప్పుడు ఇంకా మనిషినే పిలుస్తున్నారు. రేపు పిలవకపోతే నీకు మార్నింగ్ షిఫ్ట్ ఉద్యోగం ఉంటుంది, పాఠాలు ఉంటాయి, ట్రయో ఉంటుంది.

ఈ వారం ఒక పని చెయ్. ఆ ప్రోగ్రామర్‌కి ఫోన్ చెయ్. డబ్బు గురించి, పేరు గురించి ఎత్తకు, అవి అయిపోయాయి. నీ గిటార్ తీసేశారన్న పాట ఉంది కదా, దాని రఫ్ మిక్స్ నీ గిటార్‌తో ఒకటి, నీ స్థానంలో పెట్టినదానితో ఒకటి పంపమని అడుగు. నేర్చుకోవడానికని చెప్తే చాలామంది పంపుతారు. రెండూ పక్కపక్కన పెట్టి, గొంతు దగ్గర ఏం జరుగుతోందో హెడ్‌ఫోన్స్‌లో విను. అప్పటికీ వాళ్లు తీసేసింది తప్పేననిపిస్తే రెండు ఫైళ్లూ నాకు పంపు, నేనూ వింటాను.